గువ్వ ఇవాళ

ఆ ఇంట్లో పిల్లలు లేరు. అయినా సాయంత్రం లిఫ్టు మెకానిక్ డ్యూటీ దిగి వచ్చి తలుపు తీసేసరికి వంటింట్లోంచి చిన్నపిల్ల నవ్వు వినిపించేది. మొదట్లో ఆ నవ్వుకి అతని ఒళ్లు జలదరించేది. బూట్లు విప్పుతున్నవాడు విప్పుతున్నట్టే ఆగిపోయేవాడు. పోనుపోను అలవాటైపోయింది. అలా అలవాటైపోవడమే అన్నిటికన్నా భయంకరమని అతనికి చాలా ఆలస్యంగా తెలిసింది.

నవ్వు ఫోన్లోంచి వచ్చేది. అతని భార్య ఫోనుని బియ్యం డబ్బాకి ఆనించి, కూరలు తరుగుతూ చూస్తూండేది. "గువ్వ ఇవాళ" అని ఆ ఛానెల్ పేరు. పొద్దునొకటి, సాయంత్రం ఒకటి, చిన్న చిన్న వీడియోలు. రెండేళ్లు నిండీ నిండని పాప. బొద్దుగా ఉంటుంది, నీళ్లని "బూ" అంటుంది, ఎవరు పిలిచినా ముందు పరిగెత్తి ఆ తరవాత వెనక్కి తిరిగి చూస్తుంది. వీడియో తీసే తల్లి ఎప్పుడూ కనపడదు. ఆమె గొంతే వినపడుతుంది, పాప కన్నా ముందే నవ్వేసే గొంతు. కింద పాప తండ్రి ఒక ముక్క రాస్తాడు: "గువ్వ ఇవాళ నా బూట్లు వేసుకుని ఆఫీసుకి బయల్దేరింది." దాని కింద వందలమంది అడుగుతారు. అన్నం తిందా, నిద్రపోయిందా, దిష్టి తగుల్తుంది జాగ్రత్త. తండ్రి ఓపిగ్గా అందరికీ జవాబిస్తాడు. తిందమ్మా. పడుకుందమ్మా. అలాగేనమ్మా.

ఒకరోజు మెకానిక్ మొహం కడుక్కుంటూ, తనకి తెలియకుండానే, "దగ్గు తగ్గిందా?" అని అడిగాడు.

భార్య చటుక్కున తలెత్తింది. ఎన్నాళ్లుగానో చూడని వెలుగు ఆమె మొహంలో. "పొద్దున్నించి నయమండీ. రాత్రి మాత్రం ఒకటే దగ్గుట పాపం. మందు మింగనంటే వాళ్లమ్మ చెంచాని విమానం చేసి తిప్పింది."

"మింగిందా?"

"సగం మింగి సగం వాళ్లమ్మ మీద ఊసింది!"

ఇద్దరూ నవ్వారు. అన్నం తింటున్నంతసేపూ ఆ పాప కబుర్లే. ఆ నెలలో వాళ్లిద్దరి మధ్యా అంత పెద్ద మాటల పోగు పడడం అదే మొదలు. చెయ్యి కడుక్కుంటుంటే అతనికి సిగ్గేసింది. సిగ్గుతోపాటు, రేపు కూడా అడగాలనిపించింది.

అంతకు ముందు సంగతి చెప్పాలి. కొన్నేళ్ల కిందట ఆమెకి నెలలు నిండాక, రేపో మాపో అనుకుంటుండగా, కడుపులో కదలిక ఆగిపోయింది. ఆపరేషన్ చేసి తీశారు. ఆడపిల్ల. ఆ తరవాత వాళ్లు ఆ మాట ఎత్తలేదు. పోట్లాడుకోలేదు, ఒకరినొకరు నిందించుకోలేదు. చుట్టాలు చూసి, ఎంత గట్టివాళ్లో అనుకున్నారు. అతను ఎవరు సెలవు పెట్టినా వాళ్ల డ్యూటీ కూడా తన మీద వేసుకోవడం మొదలుపెట్టాడు. ఆమె ఫోను పట్టుకుంది. ముందు వంటలు, ఆ తరవాత ఎవరెవరి ఇళ్లో సర్దుకునే వీడియోలు, ఆ తరవాత గువ్వ. గువ్వ దగ్గరికి వచ్చాక ఆమె వేలు ఇంకెక్కడికీ కదల్లేదు.

ఆమె పనిచేసేది హోటళ్ల దుప్పట్లు ఉతికే పెద్ద లాండ్రీలో. తడి దుప్పటిని ఇద్దరు చెరో కొసా పట్టుకుని వేడి రోలర్లకి అందించాలి. అవతలి కొసన ఉన్నామె ఎన్నిసార్లో చెప్పింది, "అమ్మా తల్లీ, ఒక చెవిలో ఇయర్‌ఫోను, ఒక కన్ను ఫోను మీద పెట్టుకుని పనిచెయ్యకు, నీ చెయ్యి రోలర్లలోకి పోతే నేను చూడలేను" అని. ఒక మధ్యాహ్నం గువ్వ బల్ల అంచుకి కొట్టుకుని నుదురు చిట్లగొట్టుకున్న వీడియో వచ్చింది. కనుబొమ్మ మీద నెత్తురు, పాప కెవ్వుమనడం, తల్లి గొంతు గాభరా. ఆమె దుప్పటి వదలడం మర్చిపోయింది. అవతలామె అరిచి మిషను ఆపింది కాబట్టి వేళ్లు దక్కాయి. గోళ్ల దగ్గర చర్మం మాత్రం ఎర్రగా కమిలింది. సూపర్‌వైజరు ఏమీ తిట్టకుండా, "కొన్నాళ్లు ఇంటిదగ్గరుండి రండి" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ సంగతి తెలిసి మెకానిక్ అక్క వచ్చింది. వచ్చీరాగానే వంటింట్లో గిన్నెలు సర్దేస్తూ, మరదలు వినాలనే గట్టిగా మొదలుపెట్టింది.

"ఫోను చేతిలో పెట్టుకుంటారు గానీ ఫోన్లో ప్రాణం పెట్టుకుంటారా ఎవరైనా! ఎవడి పిల్లకో దెబ్బ తగిలితే ఇక్కడ చేతులు కాల్చుకోవడం! ఒరేయ్, నువ్వు మగాడివి కాదట్రా? లాక్కుని బీరువాలో పడెయ్."

మెకానిక్ మర్నాడు ఆ ఫోనుని పనిముట్ల సంచిలో వేసుకుని డ్యూటీకి వెళ్లాడు. సాయంత్రం తిరిగొచ్చేసరికి ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. పొద్దున వండిన అన్నం మూత తియ్యకుండా అలాగే ఉంది. భార్య గోడకి ఆనుకుని కింద కూర్చుంది. పక్కింటావిడ గుమ్మంలో నిలబడి గొంతు తగ్గించి చెప్పింది, "ఏమీ అనుకోకండి. మీ ఆవిడ ఇవాళ నాలుగైదుసార్లు మా ఇంటికొచ్చి ఫోను అడిగింది. ఇచ్చాను. ఐదోసారి మావారు ఇంట్లో ఉండి..." తరవాతి మాట ఆవిడ మింగేసింది.

భార్య తలెత్తకుండానే అంది. "దెబ్బ తగిలిన దగ్గర చీము పట్టిందేమోనండీ. ఒక్కసారి చూసి ఇచ్చేస్తాను. ఒక్కసారే."

అతను సంచి విప్పి ఫోను ఇచ్చేశాడు.

ఆ తరవాతి ఆదివారం పొద్దున ఇద్దరూ టీ తాగుతున్నారు. ఆమె ఫోను మధ్యలో పెట్టింది, అతను కూడా చూస్తాడని. గువ్వ కనుబొమ్మ మీద పట్టీతో, టోపీ పెట్టుకుని షికారు నించి తిరిగొస్తోంది. తల్లి గొంతు వెనకనించి, "ఎక్కు ఎక్కు, బండొచ్చింది" అంటోంది. బండి అంటే లిఫ్టు. ఇనప మడత గేటు, లోపల చెక్క పలకలు, గుండ్రటి ఇత్తడి బటన్లు. తండ్రి చెయ్యి పాపని ఎత్తి పట్టుకుంటే పాప తన వేలితో మూడో అంతస్తు బటన్ నొక్కింది. అది ఇత్తడిది కాదు. ఊడిపోయిన బటన్ స్థానంలో ఎవరో తెల్లటి చొక్కా గుండీ అతికించారు.

మెకానిక్ నోటిదాకా ఎత్తిన టీ కప్పుని తాగకుండానే కింద పెట్టేశాడు.

"ఏమైందండీ?"

"ఏం లేదు. వేడిగా ఉంది."

ఆ గుండీ అతనికి తెలుసు. ఆ లిఫ్టు అతనికి తెలుసు. కొత్తగా పనిలో చేరినప్పుడు మేస్త్రీ కింద అతను చేసిన మొట్టమొదటి పెద్ద పని, ఇదే ఊళ్లో, నది ఒడ్డు వీధిలో, ఆ పాత లిఫ్టుని ఊడదీయడం. మడత గేటుని కోసి, చెక్క పలకలు విరిచి, ఇనుమంతా తూకానికి వేసింది తన చేతులతోనే. అప్పటికి తనకింకా పెళ్లి కాలేదు.

గువ్వ ఆ లిఫ్టులోంచి బయటికి అడుగేసి, వెనక్కి తిరిగి కెమెరాకి చెయ్యి ఊపింది. "ఎంత ముద్దొస్తోందో చూడండి ఇవాళ," అంది భార్య.

*

ఆ భవనం అతని వంతులో లేదు. వేరే మెకానిక్‌ని బతిమాలి నెలవారీ తనిఖీ తను తీసుకున్నాడు. కొత్త లిఫ్టు, స్టీలు తలుపులు, నొక్కితే నీలంగా వెలిగే బటన్లు. అతను కింద "పని జరుగుతోంది" బోర్డు పెట్టి, ఉత్తుత్తినే తలుపులకి నూనె రాస్తూ మధ్యాహ్నం దాకా గడిపాడు. ఎవరి కోసం చూస్తున్నాడో తనకే సరిగ్గా తెలీదు.

బడి నించి వచ్చిన ఒక అమ్మాయి బోర్డు చూసి నిట్టూర్చింది. పన్నెండు పదమూడేళ్లుంటాయి. సన్నగా, పొడుగ్గా ఉంది, భుజాన పుస్తకాల సంచి.

"ఎంతసేపు పడుతుంది అంకుల్?"

అతను తలెత్తాడు. ఎడమ కనుబొమ్మ మధ్యలో తెగి ఉంది, అక్కడ వెంట్రుకలు మొలవని సన్నటి తెల్ల గీత. పోయిన వారమే ఆ దెబ్బ తగిలింది. తన భార్య ఆ పూట అన్నం మానేసింది. ఆ పచ్చి గాయం ఏళ్ల కిందట మానిపోయిన మచ్చై ఎదురుగా నిలబడి, ఎంతసేపు పడుతుందని అడుగుతోంది.

"గువ్వా..." అన్నాడు. నోరు జారింది.

అమ్మాయి మొహం తలుపు వేసినట్టు మూసుకుపోయింది. "మీరు కూడానా?"

"కాదమ్మా, నా భార్య..."

"అందరూ ఇంతే. ఎవరి భార్యో, ఎవరి అమ్మో." సంచి కింద పెట్టి మెట్టు మీద కూర్చుంది. కోపంగా ఉంది గానీ ఏడవడం లేదు. ఈ కోపం పాతదని, దాన్ని మోసి మోసి ఆ పిల్ల అలిసిపోయిందని అతనికి అనిపించింది. "మా క్లాసులో అందరూ చూశారు. నేను బట్టలు తడుపుకుని ఏడ్చింది కూడా పెట్టాడు మా నాన్న. బడికి వెళ్తే బూ కావాలా అంటారు."

"మీ అమ్మగారు ఊరుకుంటున్నారా?"

"అమ్మ ఇక్కడ ఉండదు. నా ఐదో ఏట వెళ్లిపోయింది. ఆవిడకి వేరే ఇల్లుంది, వేరే వాళ్లున్నారు. పుట్టినరోజుకి ఫోన్ చేస్తుంది." కాసేపు తన బూటు తాడుతో ఆడుకుని, ఎవరితోనూ అననిది అంటున్నట్టు అంది, "మా ఇంట్లో నాకో చెల్లెలుంది అంకుల్. అది ఎప్పటికీ పెరగదు. మా నాన్న దాన్నే పెంచుతున్నాడు."

మెకానిక్ బోర్డు తీసేశాడు. ఇద్దరూ లిఫ్టులో మూడో అంతస్తుకి వెళ్లారు. పైకి వెళ్తున్నంతసేపూ అతను ఆ అమ్మాయి వైపు చూడకుండా తలుపు సందు వైపే చూశాడు.

తండ్రి నెరిసిన జుట్టు మనిషి. బీమా ఆఫీసు పని ఇంటినించే చేసుకుంటాడు. బల్ల మీద రెండు తెరలు. ఒకదాని మీద ఆఫీసు లెక్కలు, రెండోదాని మీద గువ్వ, నోరంతా అన్నం పులుముకుని, మధ్యలో ఆగిపోయి. అమ్మాయి అటు చూడకుండా తన గదిలోకి వెళ్లి గొళ్లెం పెట్టుకుంది.

మెకానిక్ తన భార్య గురించి చెప్పాడు. లాండ్రీలో పని, కమిలిన వేళ్లు, ఫోను కోసం పక్కింటి చుట్టూ తిరగడం.

"లాండ్రీ చెల్లెమ్మ భర్తా మీరు!" తండ్రి గభాల్న లేచి కుర్చీ లాగాడు. "కూర్చోండి. రోజూ వీడియో కింద రాస్తుంది. ఎవరు మరిచినా చెల్లెమ్మ మరవదు."

"ఇవన్నీ ఎప్పటివో కదా? మీరు ఇవాళ అని రాస్తున్నారు."

తండ్రి మెల్లగా తన కుర్చీలో కూర్చున్నాడు. అబద్ధం దొరికిపోయినవాడిలా లేడు, నిద్రలోంచి లేపినవాడిలా ఉన్నాడు.

"మొదట నేనొక్కణ్నే చూసుకునేవాణ్ని," అన్నాడు. "ఒక్కడూ చూస్తే అయిపోతుందండీ. వీడియో ఆగిపోతుంది, గదిలో నేనుంటాను. బయటపెట్టాక, వాళ్లంతా అడుగుతుంటారు కదా, తిందా, పడుకుందా అని... అడుగుతుంటే ఇప్పుడే జరుగుతున్నట్టు ఉంటుంది. మీరందరూ పాపని చూస్తారు. నేను చూడను. కళ్లు మూసుకుని వింటాను. కెమెరా వెనక తను నవ్వుతుంది చూడండి, అది. ఆ నవ్వు నాతోనే నవ్వింది. ఆ రోజుల్లో నాకేసి చూసి నవ్వేది."

"పక్క గదిలో మీ కూతురుంది."

"ఉంది," అన్నాడు తండ్రి. "దాని మొహం రోజురోజుకీ వాళ్లమ్మలా అయిపోతోంది. గొంతు మాత్రం రాలేదు."

మెకానిక్ లేచాడు. ఈ మనిషిని తిట్టాలని వచ్చాడు. తిట్టకుండానే వెళ్లిపోతున్నాడు. గుమ్మం దాటుతుంటే వెనకనించి తండ్రి అన్నాడు, "మీరు చెల్లెమ్మని ఏమీ అనకండి. ఆవిడ అడిగేది ఒక్కటే కదా."

"ఏం అడిగింది?"

"మీకు తెలీదా?" ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. "బిడ్డని మీరు చూశార్ట. తనకి మెలకువ వచ్చేసరికి తీసుకెళ్లిపోయార్ట. ఎలా ఉందని అడిగితే మీరు లేచి బయటికి వెళ్లిపోయారని రాసింది. 'గువ్వని చూస్తూ, ఇలా ఉండేదేమో అనుకుంటున్నా అన్నయ్యా' అని. ఒకసారి కాదు, చాలాసార్లు రాసింది."

మెకానిక్‌కి గుర్తొచ్చింది. ఆసుపత్రి నించి వచ్చిన కొత్తలో, మంచం మీద పడుకుని పైకప్పుకేసి చూస్తూ ఆమె అడిగింది. ఎక్కడో లిఫ్టులో ఎవరో ఇరుక్కున్నారని చెప్పి అతను బయటికి నడిచాడు. ఎవరూ ఇరుక్కోలేదు. ఆ సాయంత్రమంతా పార్కు బెంచీ మీద కూర్చున్నాడు. ఆమె మళ్లీ అడగలేదు. మర్చిపోయిందనుకున్నాడు.

*

ఆ సాయంత్రమే ఆమెకి చెప్పేశాడు. గుండీ సంగతి, లిఫ్టు సంగతి, కనుబొమ్మ మీద మచ్చ. బిడ్డ సంగతి మాత్రం నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది.

ఆమె తరుగుతున్న ఉల్లిపాయ పక్కకి పెట్టింది. కత్తి కూడా పక్కకి పెట్టింది. అతనికేసి చూసిన చూపులో కోపం కన్నా భయం ఎక్కువుంది.

"నువ్వెళ్లి దీన్ని కూడా తీసుకెళ్లిపోయావా?" అంది.

పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె అతన్ని నువ్వు అనడం అదే మొదటిసారి. ఆ మాట అన్నాక ఆమే ఉలిక్కిపడి నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

మర్నాడూ ఆమె వీడియో పెట్టుకుంది. గువ్వ నవ్వింది. ఆమె నవ్వలేదు. తెర మీదకి వంగి గోడలు చూసింది, కిటికీ చూసింది, మూలనున్న పాతకాలపు టీవీ చూసింది. ఇన్నాళ్లూ కళ్లెదుటే ఉన్నవన్నీ ఇప్పుడు ఏళ్ల కిందటివని వేలెత్తి చూపించాయి. కింద మాటలు రాసే పెట్టెలో "గువ్వ అన్నం తిందా అన్నయ్యా?" అని రాసి, పంపకుండా చెరిపేసింది.

"నన్ను తీసుకెళ్లండి," అంది.

వాళ్లు వెళ్లిన మధ్యాహ్నం అమ్మాయే తలుపు తీసింది. మెకానిక్‌ని గుర్తుపట్టి, వెనక ఉన్నావిణ్ని చూసి, ఎవరో ఊహించి, గడపలోనే అడ్డంగా నిలబడింది. ఆమె ఆ పిల్లని పైనించి కిందికి చూసింది. ఏడుస్తుందేమోనని, పిల్లని పట్టుకుని ఏదైనా అఘాయిత్యం చేస్తుందేమోనని మెకానిక్ బిగుసుకుపోయాడు. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని, పెళ్లిలో దూరపు చుట్టం కనపడితే అన్నట్టు అంది.

"ఎంత పొడుగైపోయావమ్మా!"

అమ్మాయికి నవ్వొచ్చేసింది. ఆపుకుందామని చూసి ఆపుకోలేక పక్కకి తప్పుకుని దారిచ్చింది.

ముందు గదిలో తండ్రి లేచి నిలబడి, ఏం చెయ్యాలో తెలీక మళ్లీ కూర్చున్నాడు. ఆమె ఆ గదంతా చూసింది. బల్ల అంచు ఎక్కడుందో, కిటికీ ఎటుందో ఆమెకి ముందే తెలుసు. తెలిసిన ఇంట్లోకి మొదటిసారి అడుగుపెట్టినట్టుంది ఆమెకి. గోడలకి రంగు మాత్రం మారిపోయింది.

"మీరు అవన్నీ చూశారా?" అమ్మాయి అడిగింది.

"అన్నీ."

"నేను ఒక్కటి కూడా చూడలేదు. చూడను." కాసేపు గోరు కొరుక్కుని, తండ్రికి వినపడకుండా గొంతు తగ్గించింది. "మా అమ్మ... నాతో ఎలా మాట్లాడేది?"

ఆమె ఆ పిల్ల పక్కన కూర్చుంది. చెప్పింది. నువ్వు పడిపోతే మీ అమ్మ నిన్ను ఎత్తకుండా నేలని కొట్టేది, చూడు నేల ఎలా ఏడుస్తోందో అనేది. నీకు జుట్టు దువ్వడానికి దువ్వెనతో బేరమాడేది, ఒక్క దువ్వుకి ఒక్క ముద్దు అని. నీకు నిద్రొస్తే చెవి లాక్కునేదానివి, అప్పుడు మీ అమ్మ ఆ రెండో చెవి తను లాగేది. అమ్మాయి నేలకేసి చూస్తూ వింటోంది. చెయ్యి తెలియకుండానే చెవి దగ్గరికి వెళ్లింది. తండ్రి తెర వైపు తిరిగి కూర్చున్నాడు గానీ ఆయన భుజాలు కదులుతున్నాయి. తన దగ్గరున్న గొంతుని కూతురికి ఒక్కసారైనా ఇవ్వలేదని ఆయనకి అప్పుడే తట్టిందేమో.

వెళ్లబోతూ ఆమె ఆయన్ని పిలిచింది. "అన్నయ్యా, ఇంక పెట్టకండి."

"మీరే అలా అంటే ఎలా చెల్లెమ్మా?" ఆయన చిన్నపిల్లాడిలా అడిగాడు. "పొద్దున లేస్తే ముందు మీ మాటే కదా చూసేది. మీరడగకపోతే నేనెవరికి చెప్పను?"

"నేనింక అడగనండీ," అంది ఆమె. ఆ మాట చెప్పడానికి తలుపు చెక్క పట్టుకోవాల్సి వచ్చింది.

*

బస్టాపులో బెంచీ మీద ఇద్దరూ కూర్చున్నారు. ఎండ వాలుతోంది. ఒక బస్సు వచ్చి ఆగి వెళ్లిపోయింది, అది వాళ్లదే. ఇద్దరూ లేవలేదు.

"జుట్టు ఒత్తుగా ఉంది," అన్నాడు మెకానిక్.

ఆమె కదల్లేదు. ఎవరి జుట్టు అని అడగలేదు.

"తడిసి నుదుటికి అంటుకుపోయింది. నర్సు తుడిచింది. నుదురు వెడల్పు, మా వైపు నుదురు. చేతులు నీవి. వేళ్లు పొడుగ్గా... గోళ్లు కూడా పెరిగి ఉన్నాయి. మూతి ముడుచుకుని ఉంది. ఎవరిమీదో అలిగినట్టు."

"అలిగినట్టా?" ఆమెకి నవ్వూ ఏడుపూ ఒకేసారి తన్నుకొచ్చాయి. "ఎవరిమీద?"

"ఏమో. నా మీదేమో."

"గువ్వలా..."

"లేదు. అస్సలు లేదు. గువ్వ గుండ్రంగా ఉంటుంది. ఇది కోలమొహం."

"ఎత్తుకున్నారా?"

"ఎత్తుకున్నాను. వాళ్లొచ్చి అడిగేదాకా."

ఆమె తన వేళ్లకేసి చూసుకుంటూ అడిగింది. "చల్లగా ఉందా?"

"లేదు," అన్నాడతను. "నీ వెచ్చదనం ఇంకా ఉంది."

ఆమె వంగిపోయి ఒళ్లో మొహం దాచుకుంది. దారినపోయే వాళ్లు చూశారు. అతను ఆమె వీపు మీద చెయ్యి వేసి ఉంచాడు. "నీకు చూపించొద్దని అక్క అంది. నేనూ తలూపాను. చూస్తే మర్చిపోలేవని."

"మర్చిపోడానికి నా దగ్గర ఏముందండీ?" అంది ఆమె ఒళ్లోంచే.

తరవాత ఏమైందంటే, తండ్రి వెంటనే మానలేదు. కొన్నాళ్లు పొద్దునదొక్కటే పెట్టాడు. తరవాత ఒక వారం ఏమీ రాలేదు. ఆ తరవాత ఛానెలే కనపడకుండా పోయింది. ఏమైంది, గువ్వకి ఏమైంది అని ఎక్కడెక్కడో జనం గగ్గోలుపెట్టారు. ఎవరెవరో దాచుకున్న వీడియోలు బయటికి తీసి మళ్లీ పెట్టుకున్నారు.

ఆమెకి ఆ రోజులు గడవడం కష్టమైంది. చెయ్యి దానంతటదే బియ్యం డబ్బా వైపు వెళ్లేది. ఏమీ లేనిచోటు తడిమి వెనక్కి వచ్చేది. అయితే మాట్లాడేది. వంట చేస్తూ, బట్టలు మడతపెడుతూ, ఉన్నట్టుండి "దాని గోళ్లు కూడా పెరిగాయి కదా" అనేది, ఎదురుగా ఎవరున్నా సరే. ఒకసారి ఆడపడుచు ముందే అంది. ఆవిడ చేతిలో గిన్నె కింద పెట్టి, "నేనూ చూడలేదే తల్లీ," అని, మరదలి పక్కన కూలబడి, ఎలా ఉందిట అని అడిగి చెప్పించుకుంది. ఆమె మళ్లీ లాండ్రీకి వెళ్లింది. రెండు చెవులూ ఖాళీగా ఉంచుకుని దుప్పటి కొస పట్టుకుంది.

మెకానిక్‌కి మాత్రం ఇంకొకటి మొదలైంది.

ఇన్నేళ్లూ ఆ చిన్న మొహం అతనొక్కడి దగ్గరే ఉండేది. కళ్లు మూసుకుంటే చాలు, ఎదురుగా వచ్చేది. దాన్నించి పారిపోవడానికే అతను ఊళ్లోని లిఫ్టులన్నీ ఎక్కి దిగాడు. భార్యకి చెప్పేశాక, ఒకరోజు కళ్లు మూసుకుంటే నుదురు కనపడలేదు. ఇంకోరోజు మూతి. వాటి చోట బొద్దు బుగ్గలొచ్చాయి, తెగిన కనుబొమ్మ వచ్చింది. చెయ్యి ఊపుతూ, నవ్వుతూ. కాదు కాదు అని అతను తల విదిలించుకునేవాడు. ఇంకా గట్టిగా కళ్లు మూసుకునేవాడు. గువ్వే వచ్చేది.

లిఫ్టు పైనుండే మిషను గదిలో, తాళ్లు చుట్టుకునే పెద్ద చక్రం పక్కన, ఎవరూ రాని చోట, అతను తన ఫోన్లో గువ్వని వెతకడం మొదలుపెట్టాడు. రెండు మొహాల్నీ విడదియ్యాలని. గువ్వ ఇలా ఉంది కాబట్టి తన బిడ్డ ఇలా లేదు అని తేల్చుకోవాలని. ఒకటి చూసేవాడు, దాని కింద ఇంకోటి. కింద లిఫ్టు ఆగిపోయి జనం తలుపు బాదుతుంటే వినపడేది కాదు. ఇంట్లో అన్నం ముందు కూర్చుని కూడా బల్ల కింద చెయ్యి పెట్టి చూసేవాడు.

ఆమె చాలా రోజులు గమనించి ఊరుకుంది. ఒక సెలవు పొద్దున అతను పెరటి గుమ్మంలో కూర్చుని అలాగే చూస్తుంటే వచ్చి పక్కన కూర్చుంది. లాక్కోలేదు. ఆమె కూడా కాసేపు చూసింది. గువ్వ పరిగెత్తి, వెనక్కి తిరిగి చూసింది.

"మొహం పోయిందా?" అంది ఆమె మెల్లగా.

అతను తలూపాడు. ఎప్పుడు కారాయో, బుగ్గలు తడిగా ఉన్నాయి.

"నా దగ్గరుంది లెండి," అంది. "కళ్లు మూసుకోండి. చెప్తాను."

అతను కళ్లు మూసుకున్నాడు. ఆమె చెప్పడం మొదలుపెట్టింది. ఒత్తు జుట్టు, వెడల్పు నుదురు, పొడుగు వేళ్లు. చెప్పుకుంటూ పోయింది. చెవి వెనక పుట్టుమచ్చ ఉందని చెప్పింది, గడ్డం మీద చిన్న నొక్కు ఉందని చెప్పింది. ఆ రెండూ అతను ఎన్నడూ చెప్పలేదు. ఉన్నాయో లేవో అతనికిప్పుడు తెలీదు. అతను సరిదిద్దలేదు. చేతిలో ఫోను వెలిగి వెలిగి ఆరిపోయింది, ఆమె ఇంకా చెబుతూనే ఉంది.